ముందు నీళ్లు, తర్వాతే కేసు

నేను పుట్టి పెరిగింది నాంపల్లిలో, రైల్వే స్టేషన్ వెనక గల్లీలో. మా నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తా. మా ఇంట్లోవాళ్లకు తెలిసిన అడవి పబ్లిక్ గార్డెన్ ఒక్కటే. అలాంటి ఇంట్లోంచి వెళ్లి ఫారెస్ట్ రేంజర్‌నయ్యాను. ఉద్యోగమంతా దాదాపు ఒకే అడవిలో చేసి, రిటైరై మళ్లీ అదే గల్లీకి వచ్చి పడ్డాను.

ఈమధ్య మా బిల్డింగులో కింది అంతస్తు అమ్మాయికి రేంజర్ ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి, పని ఎట్లుంటదో చెప్పమని అడిగింది. పులుల గురించి, జీపులో తిరగడం గురించి చెబుతాననుకుంది పాపం. నేను మిఠాయి తిని, ఆల్ ది బెస్ట్ చెప్పి పంపించాను. నాకు తెలిసినవి నోరు తీపి చేసుకుంటూ చెప్పే సంగతులు కావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఆమెకే కాదు, ఆమెతోపాటు ఖాకీ బట్టలు వేసుకోబోయే పిల్లలందరికీ.

ఏ అడవో పేరు రాయను. రాస్తే కొందరి ఇళ్లలో పాత గాయాలు రేగుతాయి. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల సంగతి కూడా రాయను. వాటి గురించి చెప్పేవాళ్లు మీకు అడుగడుగునా దొరుకుతారు.

కుండ

నా మొదటి రేంజ్ ఆఫీసర్ ఖాదర్ సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కోపం ఎక్కువ, కానీ ఆ కోపం అంతా మా మీదే. పట్టుబడ్డవాడి మీద ఎన్నడూ చూపించలేదు. చెక్‌పోస్టులో ఒక మట్టి కుండ, దాని మీద ఒక గ్లాసు ఎప్పుడూ ఉండాలని ఆయన నియమం. దుంగలు దొంగిలించినవాడైనా, జింకను కొట్టినవాడైనా, తాగి దారి తప్పిన టూరిస్టయినా ముందు బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లివ్వాలి. ఆ తర్వాతే పేరు, ఊరు, కేసు.

"పహ్లే పానీ, బాద్ మే పూఛో," అనేవాడు. ముందు నీళ్లియ్యి, తర్వాత అడుగు అని. నేను కుర్రతనంలో ఒకసారి నవ్వాను, దొంగలకు మర్యాదలేంటని. ఆయన నవ్వలేదు. "నోరెండినోడు నిజం చెప్పడు. నువ్వు ఏం వినాలనుకుంటున్నవో అది చెప్తడు. నీకు గదేనా కావాలె?" అన్నాడు.

ఆ మాట నాకు తలకెక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అడవిపంది మాంసంతో ఒకతను దొరికాడు. మా గార్డులు అప్పటికే చెయ్యి చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఖాదర్ సాబ్ గ్లాసు అందించాడు. అతను తాగి, గ్లాసు కింద పెట్టి, ఎవరూ అడక్కముందే చెప్పాడు. వాగు దగ్గర పందుల కోసం లాగిన కరెంటు తీగ ఇంకా తియ్యలేదని, అందులో కరెంటు నడుస్తూనే ఉందని. ఆ సాయంత్రం మా వాచర్లు ఇద్దరు ఆ వాగు వెంటే గస్తీకి పోవాల్సి ఉంది. వాళ్లిద్దరూ ఇప్పటికీ బతికున్నారు. ఒకతను మొన్న తన మనవరాలి పెళ్లికి పిలిచాడు.

చట్టం మీ చేతిలో ఉంటుంది. అది ఎక్కడికీ పోదు. దాన్ని జేబులోంచి తీయడానికి అంత తొందరపడకండి.

గుండం దగ్గర

మా అడవిలో ఒక జలపాతం ఉంది. దాని కింద లోతైన గుండం. ఎండాకాలంలో పైన ధార సన్నబడుతుంది గానీ గుండంలో నీళ్లు ఎండవు. అక్కడ మునిగి పోయినవాళ్లలో ఎక్కువమంది మన పట్నంవాళ్లే. శని ఆదివారాలు కార్లేసుకొని వస్తారు. రెయిలింగ్ అటువైపు దిగి ఫొటో దిగాలి. పాచి పట్టిన బండ మీద షూలతో నిలబడాలి. ఈత రాదని తెలిసి కూడా నీళ్లు చల్లగా ఉన్నాయని దిగాలి. వద్దంటే, మేము టికెట్ కొన్నాం కదా అంటారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతకంటే మండేది ఒడ్డున ఉన్నవాళ్లను చూస్తే. మేము తాడుకు కొక్కేలున్న పాతాళగరిగె వేసి మనిషి కోసం దేవులాడుతుంటే చుట్టూ చేరి ఫోన్లలో తీస్తారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. సామెతలోవాడు కనీసం ఇంటివాడితో మాట్లాడాడు.

అక్కడ నేర్చుకున్నవి రెండు చెబుతాను. ఒకటి, మునిగాడని ఎవరైనా పరిగెత్తుకొస్తే ముందు ఒడ్డున చెప్పులు వెతకండి. స్నానానికి దిగేవాడు చెప్పులు విప్పుతాడు, ఫోను బట్టల్లో చుట్టి పెడతాడు. ఆ చెప్పులున్న చోటే గరిగె వేయాలి. రెండోది ఇంటివాళ్ల సంగతి. మనిషి లేడని మీకు తెలిసిపోయాక ప్రయత్నిస్తున్నాం అని నాన్చకండి. అడగనివి చెప్పకండి. అడిగింది మాత్రం దాచకండి. మీరు దాచినది వాళ్లకు ఏదో ఒకనాడు తెలుస్తుంది. ఆనాడు మీరు పక్కన ఉండరు.

నిప్పు ఎటు నడుస్తుంది

మాఘం దాటితే మాకు నిద్ర ఉండదు. ఆకు రాలి, బోద గడ్డి ఎండి, అడవంతా కాగితంలా అయిపోతుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లుంటారు. చుట్ట పారేసేవాళ్లుంటారు. ఇప్పుడు కొత్తగా మూడు రాళ్లు పెట్టి చికెన్ వండుకునే టూరిస్టులు వచ్చారు. మేము చలికాలంలోనే గడ్డి చెక్కి, బాటల్లాగా ఫైర్ లైన్లు తీస్తాం. మంట అక్కడిదాకా వచ్చి ఆగాలని. ఆగితే మా అదృష్టం. ఆగకపోతే పచ్చి కొమ్మలతో కొట్టడం, లేదంటే మంట రాకముందే గడ్డి కాల్చి ఎదురు నిప్పు పెట్టడం.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. మంట ఎత్తు ఎక్కేటప్పుడు మనిషికంటే వేగంగా ఎక్కుతుంది. భయపడినవాడు కూడా ఎత్తుకే పరిగెత్తుతాడు. అక్కడే పోతాడు. గడ్డి మంట తొందరగా వచ్చి తొందరగా పోతుంది. పక్కకు తప్పుకొని, అప్పటికే కాలిన నేల మీదికి వచ్చేయాలి. ఒకసారి కాలింది మళ్లీ కాలదు. ఈ మాట టూరిస్టులకు టికెట్ ఇచ్చేచోట బోర్డు మీద రాయించమని నేను చాలాసార్లు అడిగాను. అక్కడ వేరే బోర్డు పెట్టారు. నిప్పు పెట్టినవారికి జైలు అని, ఎర్ర అక్షరాలతో.

ఆ శనివారం

అప్పటికి ఖాదర్ సాబ్ లేడు. మా డివిజన్ అధికారి కోస్తా నుంచి వచ్చి బషీర్‌బాగ్‌లో స్థిరపడ్డ కుటుంబంవాడు. ధైర్యవంతుడు, అబద్ధం చెప్పను. మంటల ముందు మాతో సమానంగా కొమ్మ పట్టి నిలబడేవాడు. కానీ మాట ముందు, చూపు తర్వాత. ఏ పనైనా బెదిరింపుతో మొదలుపెట్టేవాడు.

మధ్యాహ్నం గుట్ట మీద పొగ లేచింది. నేను మనుషులను తీసుకొని అవతలి వైపు ఫైర్ లైను దగ్గరికి పోయాను. ఆయన చెక్‌పోస్టు దగ్గర ఆగాడు. కొంతసేపటికి ముగ్గురు కుర్రాళ్లు పరిగెత్తుకుంటూ చెక్‌పోస్టుకు వచ్చారు. ఆయన వాళ్లను అడిగిన మొదటి మాట ఇదట. "నిప్పు పెట్టిందెవరో ముందు అది చెప్పండి. ఎవడైనా సరే, ఇవ్వాళే లోపలేయిస్తాను."

కుండ అక్కడే ఉంది. ఎవరికీ నీళ్లివ్వాలని తోచలేదు.

ముగ్గురిలో చిన్నవాడు మహేశ్. అబిడ్స్ నుంచి మొత్తం నలుగురు వచ్చారు. అన్న కిరణ్, మహేశ్, ఇద్దరు స్నేహితులు. మహేశ్ చెప్పిందేమిటంటే, నిప్పు సంగతి తమకు తెలియదని, అన్న గుండంలో దిగి కనబడటం లేదని. మిగతా ఇద్దరూ తలలూపారు. అధికారి వైర్‌లెస్‌లో నన్ను పిలిచి, మంట సంగతి మిగతావాళ్లు చూస్తారు, నువ్వు గుండానికి పో అన్నాడు. గుండంలో మనుషులను తీయడం నాకే ఎక్కువ తెలుసు మరి. సగం మందిని వెంటబెట్టుకొని కొండ దిగి, చుట్టు తిరిగి గుండానికి పోయాను. చేపలు పట్టేవాళ్లు వచ్చారు. గరిగె వేశాం. మునిగి చూశారు. బండల కిందికి కర్రలు పెట్టి కదిలించారు. ఏమీ తగల్లేదు. ఎంతకీ తగల్లేదు.

అప్పుడు గానీ ఒడ్డు చూడాలని తోచలేదు. చెప్పులు లేవు. బట్టలు లేవు. మా అడుగులు తప్ప వేరే అడుగు ఒక్కటి కూడా లేదు. గరిగె వేస్తున్నవాళ్లను అక్కడే ఉండమని చెప్పి నేను జీపెక్కి చెక్‌పోస్టుకు వచ్చాను.

మహేశ్ గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. బెంచీ మీద కూర్చోమని గ్లాసుతో నీళ్లిచ్చాను. గటగటా తాగాడు. మళ్లీ ఇచ్చాను, మళ్లీ తాగాడు. ఆఖరికి కుండ దగ్గరికి తనే వెళ్లి ముంచుకున్నాడు. గొంతు దిగే చప్పుడు నాకు వినిపిస్తోంది.

ఏ గల్లీ మీది అని అడిగాను. అబిడ్స్‌లో తమది కళ్లద్దాల దుకాణం అన్నాడు. మాది నాంపల్లి అని చెప్పాను. అప్పుడు నా ముఖం వైపు మొదటిసారి చూశాడు.

"గుండం కాడి నుంచి వచ్చినోనికి గింత దూప ఎట్లయింది బేటా?" అన్నాను. "కేసు గీసు ఏం లేదు ఇప్పుడు. మీ అన్న ఏడున్నడు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "మీద ఉన్నడు సార్. గుట్ట మీద. మీరు ఉరుకుండ్రి, నేను ఆర్పి వస్త అన్నడు. ఆర్పినంక వస్తడనుకున్న సార్. అప్పటిదాక మీరు గాడికి పోకుంటే అన్నను పట్టుకోరనుకున్న."

అధికారి పక్కనే నిలబడి విన్నాడు. జీపు తాళాలు నా చేతిలోంచి తీసుకొని తనే డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

ఆ పిల్లవాడిని తిట్టాలనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. అతను తనను తాను కాపాడుకోవడానికి అబద్ధం ఆడలేదు. ఎర్ర అక్షరాల బోర్డు చదివాడు, జైలు మాట విన్నాడు, అన్నను జైలు నుంచి కాపాడదామనుకున్నాడు. మంట నుంచి కాపాడాలని అతనికి తోచలేదు. అన్న అంటే అతనికి ఏదైనా ఆర్పేసి వచ్చేవాడు.

బూడిద

మేము వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. మంట ఆ వాలు దాటి పైకి పోయింది. నేలంతా తెల్లబూడిద, కింద ఇంకా వేడి. చెట్ల మొదళ్లు పొగలు కక్కుతున్నాయి. చికెన్ వండిన గిన్నె మూడు రాళ్ల మీద నల్లగా మాడి ఉంది. ఆ పక్కనే ఆకులన్నీ కాలిన కొమ్మ ఒకటి పడి ఉంది. దానితోనే అతను మంటను కొట్టి ఉంటాడు. అక్కడి నుంచి ఎత్తుకు పరిగెత్తాడు, అందరిలాగే.

మహేశ్‌ను రావద్దన్నాం. విన్నాడా? వాళ్లు ఎక్కిన దారి అతనికే తెలుసు గనుక చివరికి ముందు నడవనిచ్చాం. వాలు మీద కొంచెం పైన ఠక్కున ఆగాడు. కిందికి చూపించాడు. బూడిద మీద అడుగులు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. పై నుంచి కింది వైపు, రోడ్డు ఉన్న వైపు దిగుతున్నాయి.

"అన్న నడిచిండు సార్," అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "గిటు చూడుండ్రి. అన్న నడిచిండు."

నేను అధికారి ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశాడు. అడుగులు బూడిద మీద ఉన్నాయంటే మంట పోయిన తర్వాత పడినవి. కాలిన తర్వాత కూడా అతను లేచి నడిచాడు. మేము గుండంలో గరిగె వేస్తున్నంతసేపూ ఈ వాలు మీద ఒక మనిషి ఒంటి చెప్పుతో నడుస్తూనే ఉన్నాడు.

మహేశ్ ఆ అడుగుల పక్క నుంచి నడిచాడు. ఒక్క అడుగు మీద కూడా తన కాలు పడనివ్వలేదు. అన్నను పేరుతో పిలుస్తూ దిగాడు. అడుగుల మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. ఒక బండ దగ్గర అవి ఆగిపోయాయి. కిరణ్ దానికి ఆనుకొని, రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. ఒళ్లు ఇంకా పూర్తిగా చల్లబడలేదు. పక్కన ఖాళీ నీళ్ల సీసా ఉంది, మూత తీసి ఉంది.

ఆ తర్వాత అక్కడ జరిగింది రాయను. నేను చాలా శవాలు మోశాను. ఆ ఒక్కటి ఇప్పటికీ బరువుగానే ఉంది.

కేసు

నిప్పు కేసు కట్టక తప్పదు. అగ్గిపుల్ల గీసింది ఎవరో అధికారి అడగలేదు, నేనూ అడగలేదు. ముద్దాయి అదే మంటలో చనిపోయాడని రాసి ఆయన కేసు మూసేశాడు. ముగ్గురు పిల్లల పేర్లు సాక్షులుగానే ఉండిపోయాయి. ఇది నిబంధన ప్రకారం తప్పో ఒప్పో మీరే ఆలోచించుకోండి. నా మటుకు నాకు, ఆయన ఉద్యోగంలో చేసిన మంచి పని అదే. ఆ ఎర్ర బోర్డు కూడా ఆయనే పీకించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా పట్టుకోనివాళ్లే ఎక్కువ మంది.

పోస్టుమార్టం రోజు తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి ఏమీ అడగలేదు. మా చేతుల్లోంచి కాగితం తీసుకొని మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తల్లి శకుంతలమ్మ చిన్నకొడుకు చెయ్యి వదల్లేదు. ఆమె కూడా ఆనాడు నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

కళ్లద్దాల దుకాణం

రిటైరయ్యాక నా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే, పాత పుస్తకాల మధ్య. అలా ఒకనాడు అక్షరాలు కనబడక చిరాకుపడి, జనరల్ పోస్టాఫీసు నుంచి లోపలికి పోయే సందులో ఒక కళ్లద్దాల దుకాణం ఎక్కాను. గల్లా దగ్గర శకుంతలమ్మ. లోపల చిన్న గదిలో కళ్లు పరీక్ష చేస్తున్నది మహేశ్. ఇద్దరూ నన్ను గుర్తుపట్టారు. నేను వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఆమె కుర్చీ జరిపి కూర్చోమంది, చాయ్ తెప్పించింది.

వాళ్లాయన ఇప్పుడు దుకాణానికి రావడం లేదట. ఇంట్లోనే ఉంటాడట. మహేశ్ పెళ్లి వద్దంటున్నాడట. నవ్వుతూనే చెప్పింది. మహేశ్ నాతో ముక్తసరిగా మాట్లాడాడు. నా కళ్లు చూసి నంబర్ రాసుకొని, వచ్చే వారం రమ్మన్నాడు.

నేను వెళ్లేసరికి అతను లేడు. నా అద్దాలే ఫ్రేములో బిగించుకు రావడానికి పోయాడని, జర కూర్చోమని శకుంతలమ్మ అంది. దుకాణంలో మేమిద్దరమే. ఆమె గుడ్డతో గాజు బల్ల తుడుస్తూ మొదలుపెట్టింది.

"ఆనాడు మా చిన్నోని బట్టలు నేనే పిండిన సార్. అన్నీ పొగ వాసన. పేపర్ల ముందుగాల గుండంల దేవులాడిన్రని వచ్చింది. గప్పుడే నాకు సమజైంది, మిమ్ముల గాడికి తోలింది మావోడే అని. మా ఆయనకు గూడ చెప్పలె." గుడ్డ ఆగింది. "వీడు మొదలే నిజం చెప్తే, పెద్దోడు దక్కుతుండెనా?"

అడిగింది దాచకూడదని పైన మీకు రాశాను. రాయడం తేలిక. ఆమె ముందు కూర్చున్నప్పుడు నా నోటికి అబద్ధమే వచ్చింది. అక్కడికక్కడే పోయాడమ్మా అందామనుకున్నాను. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. అంత కాలం మనసులో పెట్టుకొని అడిగిన మాటకు అబద్ధం చెప్పలేకపోయాను.

"దక్కుతుండేనేమో అమ్మా," అన్నాను. "మంట పోయినంక గూడ కొంతసేపు ఉన్నడు. నడిచిండు."

ఆమె ఏడవలేదు. బల్ల మీద లేని మరకను చాలాసేపు తుడిచింది.

"గీ మాట మావోనికి ఎన్నడు తెల్వనియ్యకుండ్రి," అంది చివరికి. "అన్న అప్పుడే పోయిండు, బాధ తెల్వకుంట పోయిండు అని నాతోని శాన సార్లు చెప్పిండు. వాడు గట్లనే అనుకోని బతకని."

తెలియనివ్వనని మాటిచ్చాను.

అంతలో మహేశ్ వచ్చాడు. కొత్త అద్దాలు నా చెవుల వెనక సర్ది, ముక్కు మీద సరిచేసి, చిన్న అక్షరాల అట్ట ఒకటి నా చేతికిచ్చి కనబడుతోందా అని అడిగాడు. కనబడుతోందన్నాను. తల్లి అతని వెనక నిలబడి నా వైపు చూస్తోంది, మాట తప్పవద్దని. అతను తల్లికి వీపు పెట్టి నా వైపు చూస్తున్నాడు, ఏమీ అడగకుండా.

బూడిద మీద ఆ అడుగులు మా అందరికంటే ముందు చూసింది మహేశే. అన్న నడిచిండు అని నాకు చెప్పింది అతనే. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.